చాడీల లెక్క

రక్తం ఇవ్వడానికి వచ్చే రోజున మిషన్ మావ పెళ్లికి బయల్దేరినట్టు తయారై వస్తాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, కిరోసిన్ పెట్టి రుద్దినా గోళ్ల సందుల్లోంచి పోని నూనె మరక. కుట్టుమిషన్లు బాగుచేసే చేతులాయె, ఏళ్లనాటి నూనె నాలుగు రుద్దుళ్లకి వదులుతుందా! ఆ రోజూ అలాగే వచ్చి, పరిశోధనశాల గుమ్మం పక్కనున్న కుర్చీలో కూర్చుని, ఎడమ చెయ్యి చొక్కా మడత మీద మడత పెట్టి, సూది పట్టుకున్న అమ్మాయి ముందు చెయ్యి చాపాడు. చుట్టాలింట్లో విస్తరి ముందు కూర్చున్నవాడి ధీమా ఉంది ఆ చాపడంలో.

"నిదానంగా పొడువమ్మా. ఇది అల్లాటప్పా రక్తం కాదు. చాడీల్లేని రక్తం."

సూది అమ్మాయి పనిలో చేరి వారం కాలేదు. చాడీలేమిటి తాతా అని అడిగింది. అడగడమే పాపమైంది. తాత కాదు మావ అను, ఈ వార్డులూ వీధులూ అన్నిటికీ నేను మావనే అని మొదలుపెట్టి, రక్తంలో తెల్లకణం ఒకటి చెడిపోతే అది చేసే నిర్వాకమంతా చెప్పుకొచ్చాడు. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచినట్టు, ఆ కణం ఊరికే ఉండదట. తన ఒంట్లోంచే చిటికెడు చిటికెడు గిల్లి, బుడగలుగా చుట్టి, బయటికి వదులుతుందట. కంటికి సరికదా, మామూలు మైక్రోస్కోపుకి కూడా ఆనవట. అవి ఎముకల్లో మూలుగదాకా వెళ్లి, అక్కడున్న మంచి కణాల చెవి కొరుకుతాయట. ఇతను మనవాడే, కాస్త చోటివ్వు, కాస్త తిండి పెట్టు, ఎవరైనా అడిగితే చూడలేదని చెప్పు. దాంతో మంచి కణం మనసు విరిగి రోగం పక్షానికి తిరుగుతుందట.

"ఇవి చాడీలు కాకపోతే మరేమిటి? మా మేనకోడలు పొట్లాలంటుంది. దాని చదువు దానిది. నాకున్నది అదే రోగం, కానీ నా కణాలు బుద్ధిమంతులు. నోరు విప్పవు. అదే లెక్కపెట్టి చెప్పింది."

అద్దం అవతల చేతులకి గ్లవ్స్ తొడుక్కుంటున్న మేనకోడలికి ఈ మాటలన్నీ వినిపించాయి. ఆ అంతస్తులో ఆమెని అందరూ పొట్లాలమ్మ అంటారు. నెమ్మదిగా నడిచే రక్తక్యాన్సర్లలో ఈ పొట్లాల పాత్ర ఏమిటన్నదే ఆమె పని. మామూలు మనుషుల రక్తంలో కన్నా రోగుల రక్తంలో ఇవి ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నాయని ఆమె చూపించింది. వారాంతంలో పెద్ద సభ. అక్కడ చదివే పరిశోధన పత్రం మీద మొదటి పేరు ఆమెదే. మావయ్య మాట వింటే మొహం వెలిగింది, ఆ వెంటనే ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. పరిశోధన అంకెలు రోగికి చెప్పకూడదు. అది మొదటిరోజు నేర్పే పాఠం. కానీ కిందటిసారి మావయ్య భుజం మీంచి తొంగిచూసి, నావెన్ని అని అడిగితే, "నీవి మామూలువాళ్లకి ఉన్నన్నే ఉన్నాయి మావయ్యా" అని సంతోషం కొద్దీ అనేసింది. నోట్లో నువ్వుగింజ నానని వంశం.

దూది అదిమిపట్టుకుని మిషన్ మావ అద్దం దగ్గరికి వచ్చాడు. రక్తం డాక్టరమ్మ మాత్రలు మొదలుపెడదామంది, అక్కర్లేదని చెప్పి వచ్చేశానన్నాడు, కూరగాయలు బేరం కుదరక వచ్చేశానన్నంత తేలిగ్గా.

ఆమె చేతిలో రెండో గ్లవ్ అలాగే ఉండిపోయింది. ఎందుకు మొదలుపెడదామన్నారని అడిగింది.

"ఒంట్లో ఎర్రరక్తం తగ్గిందట. ఎడంపక్క ప్లీహం పెరిగిందట. ఆవిడ పొట్ట నొక్కి చూసి చెప్తోంది. నువ్వు లెక్కపెట్టి చెప్పావు. నొక్కి చెప్పినదాని మాట వినాలా, లెక్కపెట్టినదాని మాట వినాలా?"

అప్పుడు చూసింది ఆమె. బెల్టుకి కొత్త చిల్లు పడి ఉంది. కుట్టుమిషన్ బెల్టుకి పొడిచే సూదితోనే పొడిచి ఉంటాడు, అంచులు అంత శుభ్రంగా ఉన్నాయి. మెడ పక్కన కాలరు వదులై, చెవి కింద గడ్డ పొడుచుకొచ్చింది. ఆవిడ మాట కూడా వినాలి మావయ్యా అంది. ఆయన నవ్వి, విన్నాను కదే, విని వచ్చేశాను అని, చొక్కా చెయ్యి కిందికి దించుకుని వెళ్లిపోయాడు.

*

ఆ వారం గాలిగొట్టం పాడైంది. ఆసుపత్రి వార్డుల్లోంచి పరిశోధనశాలకి గోడల్లోపల ఒక లావుపాటి గొట్టం ఉంది. నర్సు రక్తం ట్యూబుల్ని మూతున్న డబ్బాలో పెట్టి అందులో వేస్తే, గాలి దాన్ని లాగి, మలుపులు తిప్పి, ఇక్కడ బుట్టలో ధబ్బున పడేస్తుంది. దాని మోటారు కాలిపోవడంతో వార్డు ఆయా ట్యూబుల స్టాండుని చేత్తో పట్టుకుని వచ్చింది. మోకాళ్ల నొప్పులు, మెట్లు, లిఫ్టులో జనం అని గొణుక్కుంటూ స్టాండు బల్ల మీద పెట్టి, చల్లగా ఉంది ఇక్కడ, కాసేపు కూర్చుంటానని కూర్చుంది.

మేనకోడలు పని మొదలుపెట్టింది. ట్యూబుకి ఎదురుగా సరితూకం ట్యూబు పెట్టి సెంట్రిఫ్యూజ్ మూత వేసింది. అది గిర్రున తిరిగి ఆగాక రక్తం రెండు పాళ్లయింది. కింద ఎరుపు, పైన గడ్డి రంగు ప్లాస్మా, రెంటికీ మధ్య తెల్లని పలుచని పొర. ఆ పొర దగ్గరికి పోకూడదు. మడ్డి కదలకుండా పైతేట తీసినట్టు పైపైన ప్లాస్మా లాగి, మళ్లీ తిప్పి, మళ్లీ పైపైన లాగి, లెక్కపెట్టే యంత్రంలో పోసింది. లేజరు వెలుగులో ఒక్కో పొట్లం ఒక్కో మెరుపు. తెర మీద గీత ఎక్కాలి. ఎక్కలేదు.

రెండోది పోసింది. ఎక్కలేదు. వార్డు నుంచి వచ్చినవన్నీ రోగుల రక్తాలే, అన్నీ మామూలు మనుషుల లెక్కే చూపించాయి. మిషన్ మావ లెక్కలాగే.

పెద్దాయనకి చూపించింది. ఆ పరిశోధనశాల ఆయన చేతుల మీద లేచింది. ఉలిక్కిపడే మనిషి కాదు. యంత్రం అలిగిందేమో, కడిగి చూడమన్నాడు. కడిగింది. కొలత తెలిసిన ప్లాస్టిక్ పూసలు పోసి చూస్తే, యంత్రం తు.చ. తప్పకుండా చదివింది. అయినా ఆయన చలించలేదు. ఏడాది లెక్క ఒకవైపు, ఒక్కరోజు లెక్క ఒకవైపు. ఈ రోజువి పక్కన పెట్టు, సభ అయ్యాక చూద్దామన్నాడు. అనుభవం ఉన్న మాటే. ఆమెకి కూడా ఆ మాటే కావాలి. కాబట్టి సరేనంది.

మర్నాడు పొద్దున గొట్టం బాగైంది. మెకానిక్ మూత బిగించి చేతులు తుడుచుకుంటుండగానే మొదటి డబ్బా వచ్చి బుట్టలో పడింది. ఆ ధబ్ రోజూ వినేదే. ఆ రోజు మాత్రం ఆమె డబ్బా తీసి, ట్యూబు వెలుగుకి ఎత్తి పట్టుకుంది. రక్తం మీద, మూత కింద, సన్నని నురగ.

నురగ కూడా రోజూ చూసేదే. దాన్ని అలా చూస్తూ నిలబడిపోయింది. తర్వాత గ్లవ్స్ విప్పి చెత్తబుట్టలో వేసి, వార్డుకి వెళ్లి, నర్సుని పక్కకి పిలిచి, నా రక్తం రెండు ట్యూబులు తియ్యక్కా అంది.

నర్సుకి తీరిక లేదు, పైగా అనుమానం. "ఏం, నువ్వేమన్నా కడుపుతో ఉన్నావా?"

"నీ నోట్లో చక్కెర పొయ్య. పొట్లాల కోసం. తియ్యి."

ఒక ట్యూబు డబ్బాలో పెట్టి గొట్టంలో వేయించింది. రెండోది నిటారుగా అరచేతిలో పట్టుకుని, నిండు గిన్నె మోసేదానిలా మెట్లు దిగి నడిచి వచ్చింది. రెంటినీ పక్కపక్కనే తిప్పింది, పక్కపక్కనే పోసింది.

చేత్తో తెచ్చింది మామూలు లెక్క. గొట్టంలో వచ్చింది రోగుల లెక్క.

ఒకే మనిషి. ఒకే చెయ్యి. ఒకే సూది. ఉదయం టిఫిను తిని శుభ్రంగా తిరుగుతున్న పొట్లాలమ్మకి గొట్టంలో ఒక్క ప్రయాణంతో క్యాన్సర్ వచ్చింది.

మళ్లీ వెళ్లి మళ్లీ తీయించుకుంది. నర్సు ఈసారి ఏమీ అడగలేదు. మళ్లీ అదే.

కుర్చీ లాక్కుని కూర్చుంది. కారణం ఇప్పుడు పిల్లకాయకి చెప్పినా అర్థమవుతుంది. రక్తంలో ప్లేట్‌లెట్లని ఉంటాయి, గాయమైతే గడ్డకట్టించేవి. ఒట్టి బెదురుగొడ్లు. డబ్బా మలుపు మలుపుకీ గుద్దుకుంటుంటే అవి బెదిరి ఒళ్లు దులుపుకుంటాయి. దులిపినప్పుడల్లా అవీ పొట్లాలే రాలుస్తాయి. ఏడాదిగా ఆమె లెక్కపెట్టింది రోగాన్ని కాదు, కుదుపుల్ని. రోగులంతా వార్డులో ఉంటారు కనక వాళ్ల రక్తం గొట్టమెక్కి వచ్చింది. మామూలు మనుషులంతా ఈ గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని ఇచ్చారు కనక వాళ్ల రక్తం గొట్టం మొహం చూడలేదు.

వార్డులో మంచం మీద పడుకుని ఇవ్వడం నామోషీ అని, మేనకోడలి గుమ్మంలోనే ఇస్తానని పట్టుబట్టిన రోగి ఒక్కడే ఉన్నాడు.

ఆయన కణాలు బుద్ధిమంతులు కావు. ఆయన కుర్చీలో కూర్చున్నాడు, అంతే.

పెద్దాయన గదిలోంచి కబురొచ్చింది, సభకి పంపాల్సిన బొమ్మ సిద్ధమైందా అని. అందమైన బొమ్మ అది. ఇటు మామూలు మనుషుల పొట్టి కడ్డీ, అటు రోగుల పొడుగు కడ్డీ. గొట్టం సంగతి ఆమెకి తప్ప ఎవరికీ తెలీదు. ప్రపంచంలో ఇంకెన్ని చోట్ల ఇలాంటి గొట్టాలున్నాయో, ఎవరు నురగ చూసి ఊరుకున్నారో. సభ అయ్యాక చూద్దామని ఆయనే అన్నాడు కదా. ఆ మాటని చేతికర్రలా పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. కానీ కళ్ల ముందు బొమ్మ నిలవలేదు. బెల్టుకి పొడిచిన కొత్త చిల్లు నిలిచింది.

*

పెద్దాయన రెండు గీతల్నీ చాలాసేపు చూశాడు. నీ రక్తమే అంత తిక్కరక్తమేమో అన్నాడు. హాస్యానికన్నా, హాస్యమైతే బాగుండునన్న ఆశకి దగ్గరగా ఉంది ఆ గొంతు. తర్వాత లేచి, కోటు విప్పి కుర్చీకి తగిలించి, చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నాడు. వార్డుకి ఆయనే నడిచాడు. నర్సు కంగారుపడి కుర్చీ తుడవబోతే, తుడవక్కర్లేదమ్మా, పొడిస్తే చాలన్నాడు.

ఆయనకి కూడా గొట్టంలో క్యాన్సర్ వచ్చింది.

కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఏడాదిపాటు మనం ఒక గొట్టానికి వైద్యం చేశామన్నమాట."

ఆమె నవ్వలేదు. ఆయన నవ్వాడు, కొంచెం. ఆ తర్వాత సభవాళ్లకి ఫోన్ చేశాడు. అవతలివాళ్లు ఏదో సర్దిచెప్తున్నట్టున్నారు. ఇప్పటికి చెప్పేసి తర్వాత సవరించుకోవచ్చని కాబోలు. ఆయన గొంతు పెంచకుండా అన్నాడు: "లేదండీ, వెనక్కి తీసుకుంటున్నాం. తప్పు దొరికింది. మాకే దొరికింది."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన వీపు నిటారుగా అయింది. పిల్లల్ని బడిలో మెచ్చుకుంటే తండ్రి వీపు అలా అవుతుంది. మేనకోడలు తలదించుకుంది. అలాంటి మాట వినడానికి తనకింకా అర్హత రాలేదనిపించింది.

ఫోన్ పెట్టేసి ఆయన అప్పుడే తర్వాతి పనిలో పడ్డాడు. మొత్తం ఎన్ని పొట్లాలన్నది వదిలేద్దాం, ఎవరు పంపినవన్నది చూద్దామన్నాడు. ప్రతి పొట్లం తోలు మీదా పంపినవాడి ముద్ర ఉంటుంది. ప్లేట్‌లెట్లు రాల్చినవి ఏరి పక్కన పెట్టి, చెడ్డ కణం ముద్ర ఉన్నవాటినే పట్టుకుంటే అసలు కథ అప్పుడు తెలుస్తుంది. అయితే దానికి కుదుపు తినని రక్తం కావాలి. ఫ్రీజరులో గొట్టమెక్కని రోగి ట్యూబులేమైనా ఉన్నాయా అని అడిగాడు.

"నిన్న ఆయా తెచ్చినవి యంత్రంలోనే అయిపోయాయి. ఒక్కరివి ఉన్నాయి సార్. మా మావయ్యవి. మొదటినుంచీ అన్నీ."

"అయితే ఆయనతోనే మొదలు."

ఆమె కదల్లేదు. అప్పుడు చెప్పింది, ఆయనకి తను ఏమని చెప్పిందో, ఆయన దాన్ని పట్టుకుని ఏం వద్దన్నాడో. చెప్తున్నంతసేపూ బల్ల అంచుని బొటనవేలితో రాస్తూ ఉంది. పెద్దాయన మొహంలో ఇందాకటి వెలుగు ఆరిపోయింది.

"గొట్టం తప్పు మనిద్దరిదీ అమ్మా. నేనూ నురగ చూశాను, ఊరుకున్నాను. ఇది మాత్రం నీ ఒక్కదానిదే." కళ్లజోడు పెట్టుకుని మళ్లీ అన్నాడు, "ఫ్రీజరు ఎక్కడికీ పోదు. ముందు అక్కడికెళ్లు."

*

టైలర్ల వీధి అంటే ఆ చివర నుంచి ఈ చివర దాకా మిషన్ల చప్పుడే. మధ్యలో ఎక్కడన్నా ఒక మిషన్ దగ్గితే, మిషన్ మావ తన కొట్టులోంచే చెవి రిక్కించి, ఎవరిదో చెప్పగలడు. కొట్టంటే ఇంటి ముందుగదే. వెనకగదిలో అత్తయ్య టైలర్లు పంపిన చొక్కాలకి కాజాలు కుడుతుంది.

ఆమె వెళ్లేసరికి ఆయన ఒక మిషన్‌ని పక్కకి ఒరిగించి, గుడ్డని ముందుకి తోసే కింది పళ్లు విప్పి, కుంచెతో దూది పీచు దులుపుతున్నాడు. మిషన్ తాలూకు టైలరు బల్ల మీద కూర్చుని కాళ్లూపుతున్నాడు. దారం తెగుతోంది మావా అని అతని గోల. దారం కాదు, నీ తొందర తెంపుతోంది అని ఈయన జవాబు. మేనకోడల్ని చూడగానే మొహం చాటంతయింది. రా అమ్మాయ్, వీడికి చెప్పు, చాడీల సంగతి నేను చెప్తే నమ్మడంలేదన్నాడు. టైలరు నమస్కారం పెట్టి, మావ రక్తం మీ దగ్గర సీసాల్లో దాచిపెట్టారట కదండీ, మాకూ కాస్త అమ్మండి, బాకీలు అడిగేవాళ్ల మీద చల్లుతాం అన్నాడు.

ఆమె ముక్కాలి పీట మీద కూర్చుని, పని అయ్యేదాకా ఆగింది. ఆయన కింది దారపు బాబిన్ పెట్టి, స్క్రూ పావు చుట్టు తిప్పి, చిన్న గుడ్డముక్క మీద వరస కుట్టాడు. గుడ్డ తిరగేసి చూశాడు. మళ్లీ వెంట్రుకవాసి తిప్పి ఇంకో వరస కుట్టాడు. ఈసారి పైకుట్టూ కిందికుట్టూ ఒకేలా పడ్డాయి. ఆ గుడ్డముక్క టైలరు చేతిలో పెట్టి పంపేశాడు.

"మావయ్యా, ఆ లెక్క తప్పు."

ఏ లెక్క అని అడగలేదు ఆయన. స్క్రూడ్రైవరు తుడుస్తున్న గుడ్డ ఆగింది. ఆమె గొట్టం దగ్గర్నుంచి చెప్పింది, నురగ, తన రక్తం, పెద్దాయన రక్తం. నీకు తక్కువ లేవు మావయ్యా, ఎక్కువా లేవు, అసలు నేను కొలిచింది నీ రోగాన్ని కానే కాదు అంది. డాక్టరమ్మ నొక్కి చూసిందే నిజమంది. నేను నీకా మాట చెప్పకూడదు, చెప్పాను అంది.

వెనకగది గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. సూదిలో దారం వేలాడుతోంది.

"రోజూ తెల్లారేసరికి దిండు గలీబు పిండితే చెమట కారుతోందే," అంది అత్తయ్య. గొంతులో కోపం లేదు, అదే భరించలేకుండా ఉంది. "వడ్డించిన అన్నం కంచంలోనే ఉంటోంది. నేను నోరెత్తితే, అమ్మాయి లెక్కపెట్టిందంటాడు. నువ్వు చెప్పావనే కదే నేను నోరు మూసుకున్నాను."

మేనకోడలు అత్తయ్య కాళ్ల దగ్గర రాలిన దారపు ముక్కల్ని చూస్తూ కూర్చుంది.

మిషన్ మావ పనిముట్లన్నీ ఒక్కొక్కటే తుడిచి, చిన్నదాని పక్కన చిన్నది, పెద్దదాని పక్కన పెద్దది వరసగా పెట్టాడు. చివరిది పెట్టాక నోరు తెరిచాడు.

"వీధంతా చెప్పానే."

అంతే అన్నాడు. రోగం గురించి కాదు, వీధి గురించి. తర్వాత, టీ తాగి వెళ్లు అని, కొట్టు ముందు తెర సగం దించాడు.

*

మర్నాడు పొద్దున రక్తం డాక్టరమ్మ గది ముందు బెంచీ మీద మేనకోడలు వచ్చి కూర్చుంది. ఆయన వస్తాడని కాదు. రాకపోతే తనైనా లోపలికెళ్లి జరిగింది చెప్పాలని. లిఫ్టు తలుపు తెరుచుకుని అత్తయ్య ముందు, ఆయన వెనక దిగారు. ఆయన ఆమె వైపు చూడలేదు, కానీ వచ్చి పక్కనే కూర్చున్నాడు. అత్తయ్య ఇద్దరి మధ్యా సంచి పెట్టింది.

లోపల డాక్టరమ్మ ఆయన పొట్ట నొక్కి చూసి, మెడ తడిమి, మొన్న వద్దని వెళ్లిపోయిన మనిషి ఇవాళ ఎలా వచ్చారని అడిగింది. ఆయన నోరు తెరిచేలోపే మేనకోడలు చెప్పేసింది. నిలబడే చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. ఎర్రరక్తం ఇంకా పడిపోయి, గుండె ఆయాసపడే దాకా ఆగి ఉంటే ఎవరు జవాబు చెప్పేవారని అడిగింది. పరిశోధన చేసే చేతులు రోగి భుజం మీద వెయ్యకూడదని మీకెవరూ చెప్పలేదా అంది.

"తిట్టండమ్మా," అన్నాడు మిషన్ మావ. "తిట్టాల్సిందే. నేను రాత్రంతా మనసులో తిట్టాను, ఇంకా మిగిలే ఉన్నాయి. కానీ ఒక్కమాట."

చొక్కా గుండీలు పెట్టుకుంటూ బల్ల మీంచి దిగాడు.

"మా వీధిలో కొలత తప్పు కోసిన ప్రతివాడూ, గుడ్డ కుదించుకుపోయిందంటాడు. నేను పుట్టి బుద్ధెరిగాక, కత్తెర నాది, తప్పు నాది అన్నవాణ్ణి చూళ్లేదు. ఈ పిల్లని ఎవరూ అడగలేదు. పట్టుకునేవాడు కూడా లేడు. సభలో దండ వేయించుకుని రావచ్చు. అది మాని నా కొట్టుకొచ్చి, లెక్క తప్పని చెప్పింది. మొదటి మాట నాకు నచ్చింది కనక విన్నాను. రెండో మాట నచ్చలేదు. నచ్చని మాట చెప్పడానికి వచ్చింది కనక అదే నిజమనుకుంటున్నాను. మాత్రలు రాయండి."

డాక్టరమ్మ పెన్ను మూత తీసింది. ఈ మాత్రలు రోజూ ఒకే వేళకి వేసుకోవాలంది, వదలకుండా. గడ్డలు మెల్లగా తగ్గుతాయి, చెమటలు ముందు తగ్గుతాయి, నెల తిరిగేలోపు రక్తం చూడాలంది. రోగం వేళ్లతో సహా పోదు, చెప్పుచేతల్లో ఉంటుందంది. మా మిషన్లూ అంతేనమ్మా, ఏదీ వేళ్లతో సహా బాగవదు, నడిస్తే చాలు అన్నాడు ఆయన. అత్తయ్య మొదటి మాత్ర అక్కడే, ఆ గదిలోనే, తన సీసాలో నీళ్లతో మింగించింది. మింగాడా లేదా అని నోరు కూడా తెరవమంది.

బయటికొచ్చి మళ్లీ బెంచీ మీద కూర్చున్నాక మేనకోడలు చెప్పింది, పని మళ్లీ మొదటినుంచీ మొదలుపెడుతున్నామని, ఫ్రీజరులో పనికొచ్చేవి ఆయనవేనని, ఆయన ఒప్పుకుంటేనే తీస్తామని. ఈసారి ఏం తేలినా నీకు నేను చెప్పను మావయ్యా, డాక్టరమ్మే చెప్తుంది అంది. ఆయన తలూపాడు. తీసుకో, నాది చాడీలున్న రక్తమని తేలితే తేలనీ, ఉన్నవాటిల్లో అబద్ధం ఆడని రక్తం నాదొక్కటేనన్నమాట అన్నాడు. సంచి అటు మార్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసి లేచాడు. ఆ చెయ్యి ఇదివరకటి కన్నా తేలిగ్గా ఉంది. అయినా బరువుగానే ఆనింది.

వీధి మొదట్లో ఆటో దిగాక అత్తయ్య ఇంటివైపు నడిచింది. ఆయన నడవలేదు. మొదటి టైలరు కొట్టు ముందు ఆగాడు. ఎండగా ఉంది, ముందు ఇంటికి పద మావయ్యా అంది మేనకోడలు. ఆయన వినిపించుకోలేదు. గుమ్మంలో నిలబడి, లోపల మిషన్ ఆగేదాకా ఆగాడు.

"ఒరేయ్, నా రక్తంలో చాడీల్లేవని చెప్పానే, అది తప్పు. లెక్క తప్పింది. తప్పని కనిపెట్టింది కూడా ఇదే, మా అమ్మాయే."

టైలరు టేపు మెళ్లోంచి తీసి, ఏమనాలో తెలీక ఆమెవైపు చూశాడు. ఆమె తల దించుకోలేదు. అవునండీ, నా లెక్కే తప్పింది అంది.

"అయితే రోగం ఉన్నట్టేనా మావా?"

"ఉంది. మందు మొదలెట్టాను. నీ మిషన్ బెల్టు జారుతోంది, చప్పుడు వినపడటంలేదా నీకు?"

తర్వాతి కొట్టు. అదే మాట, అంతే నిటారుగా. అక్కడొకడు నవ్వి, అయితే మావ రక్తం కూడా మాలాంటిదేనన్నమాట అన్నాడు. నీలాంటిది ఎందుకవుతుందిరా, నీది గొట్టంలో వేస్తే గొట్టమే పారిపోతుంది అని ఆయన. ఇంకో కొట్టు. నిన్న కాళ్లూపుతూ కూర్చున్నవాడు ఇవాళ లేచి నిలబడి విన్నాడు. ఆ కొట్టు దాటాక ఆయనకి ఆయాసం వచ్చింది. మూసి ఉన్న దుకాణం అరుగు మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి, నోటితో ఊపిరి తీసుకున్నాడు. నుదుటి చెమట చొక్కా మీద పడింది.

మేనకోడలు పక్కనే కూర్చుంది. ఇక చాలు మావయ్యా, మిగిలినవాళ్లకి ఎలాగూ తెలిసిపోతుంది, ఈ వీధిలో మాట ఆగుతుందా అంది.

"ఆగదు. నడిచే కొద్దీ పెరుగుతుంది. రేపటికి నువ్వు నన్ను చంపబోయావంటారు."

ఊపిరి కుదుటపడింది. లేవడానికి చెయ్యి చాపాడు. ఆమె అందించింది. లేచి చొక్కా లాక్కుని, కాలరు సరిచేసుకుని, వీధి అటువైపు చూశాడు.

"ఆ వరసంతా మిగిలే ఉంది. పద."